సప్పవా, ఉప్పువా

నీచు గడప తొక్కని ఇంట్లో పుట్టినవాడికి కోళ్ల ఉద్యోగం వస్తే ఎలా ఉంటుందో మా అమ్మని అడగాల్సింది. అరవైల చివర్లో నాకు ఆర్డరు వచ్చిన రోజు ఆవిడ ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టనివ్వలేదు. ఉద్యోగం వచ్చినందుకు సంతోషించాలో, కోళ్లలో వచ్చినందుకు ఏడవాలో తెలియక రెండూ చేసింది. సెలవుకి విజయనగరం వెళితే పెరటి దారిన నన్ను నూతి దగ్గరికి నడిపించి, నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించాకే వంటింటి వైపు రానిచ్చేది.

నవ్వులాటకి చెప్పడం లేదు. తరవాత జరిగినదానికి మూలం అక్కడే ఉంది. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు చదువుతారని రాస్తున్నాను. మీకు ఇప్పుడు మేత కుట్టిన సంచుల్లో వస్తుంది, అందులో ఏమేం ఉన్నాయో సంచి మీదే అచ్చేసి ఉంటుంది. మాకు అలా కాదు. చేత్తో కలిపేవాళ్లం, ముక్కుతో చూసేవాళ్లం, చివరికి చిటికెడు నాలుక మీద వేసుకుని సరిపోయిందో లేదో తేల్చుకునేవాళ్లం. అందరూ చేసే ఈ చివరి పని నేను చెయ్యలేదు. మేతలో చేప ఉంటుంది కదా మరి.

నా మొదటి పోస్టింగు పొందూరు చుట్టుపక్కల. ఆఫీసంటే రెండు గదులు, ఒక బీరువా, ఒక అటెండరు. అటెండరుకి యాభై దాటాయి. పశువుల మందుల పేర్లు ఒక్కటీ సరిగ్గా పలికేవాడు కాదు కానీ, ఏ గొడ్డుకి ఏ రోగమో దూరం నుంచి నడక చూసి చెప్పేవాడు. నా చదువంటే అతనికి జాలి. నేను చేతిగుడ్డ ముక్కుకి కట్టుకుని కోళ్ల గూట్లోకి దూరుతుంటే, "బావూ, కోడి మిమ్మల్ని సూసి దొంగోడనుకుంటాది" అనేవాడు.

ఆ యేడు ఒక పథకం వచ్చింది. సీమజాతి కోడిపిల్లలు, గుడ్డులోంచి వచ్చి ఒక్కరోజైనవి, రెండు వందలు రైల్లో వస్తాయి. ఊళ్లో ఒక ఆడమనిషి వాటిని నెలరోజులు సాకాలి. గట్టిపడ్డాక మహిళా మండలిలో ఉన్న ఇళ్లకి తలా ఐదారు చొప్పున పంచాలి. మొదటి నెలలో సాకడమే అసలు కష్టం. తల్లి రెక్కల కింద దొరికే వెచ్చదనం మనం లాంతరుతో ఇవ్వాలి, తల్లి కాలితో గీరి చూపించే మేత మనం కాగితం మీద జల్లి చూపించాలి.

ఎవరికి అప్పగించాలన్న దగ్గర నేను తెలివి చూపించాను. పథకానికి ఎంచుకున్న ఊళ్లో, వీధి చివర ఇంట్లో ఒకావిడ ఉండేది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. సన్న నూలు వడికి బతికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతుంటే ఆ వేళ్లని చూశాను. పోగు తెగకుండా, తొందర లేకుండా కదిలేవి. కోడిపిల్లల్ని పట్టుకోవడానికి ఇవే చేతులనిపించింది. ఊళ్లో చిన్నవాళ్లంతా ఆవిడని అప్ప, అంటే అక్క, అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఊళ్లో కోడిని పొదగేసేటప్పుడు గుడ్లు ఎవరి చేత పెట్టిస్తారో చాలా పట్టింపు. చెయ్యి మంచిదని పేరున్న ముత్తైదువని పిలిచి పెట్టిస్తారు. మొగుడు పోయినదాన్ని ఆ ఛాయలకే రానివ్వరు.

"నాకొద్దు బావూ" అంది. "నా సెయ్యి మంచిది కాదంటారు. రేపేటైనా అయితే పిల్లలకేటొచ్చిందో ఎవులూ సూడరు. నా సెయ్యే అంటారు."

అప్పుడు నేను మహిళా మండలిలోని ముప్పై మంది ఆడవాళ్ల ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. కోడిపిల్లకి కావలసింది వెచ్చదనం, నీళ్లు, మేత అన్నాను. పెట్టిన చెయ్యి మంచిదా చెడ్డదా దానికి తెలియదన్నాను. ఏమైనా జరిగితే పూచీ నాది, ఈవిడది కాదన్నాను. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త బూట్లు. చప్పట్లు కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. అప్ప మాత్రం, "సరే, మీ మాట మీద తీసుకుంటన్నాను" అంది.

పొద్దుటి పాసింజరులో ఆమదాలవలస స్టేషనుకి నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. చిల్లుల్లోంచి ముక్కులు కనపడుతున్నాయి. బండిలో గడ్డి పరిచి, పైన గోనెపట్టా కప్పి ఊరికి తెచ్చాం. అప్ప ఇంటి వసారాలో ఊక పోసి, తట్ట బోర్లించి, దాని కింద లాంతరు పెట్టి ఉంచాం. ఆవిడ ఒక్కొక్క పిల్లనీ చేతిలోకి తీసుకుని, ముక్కు బెల్లం నీళ్లలో ముంచి, అది గుటక వేశాకే కింద వదిలింది. రెండు వందల పిల్లలకీ అలాగే చేసింది. అటెండరు గుమ్మంలో కూర్చుని చూసి, "మీ కుర్సీ ఆ అప్పకి ఇచ్చీయొచ్చు బావూ" అన్నాడు.

మొదటి వారంలో మూడంటే మూడు పోయాయి. అవీ రైల్లో నలిగినవి. చలిగా ఉంటే పిల్లలు లాంతరు దగ్గర గుంపు కడతాయి, వేడెక్కువైతే గోడల వైపు పారిపోతాయి, అన్నీ సమంగా పరుచుకుని పడుకున్నాయంటే సరిగ్గా ఉందన్నమాట. ఈ పాఠం నేను పుస్తకంలో రెండుసార్లు చదివాను. ఆవిడకి ఒక్కసారి చెబితే సరిపోయింది.

రెండో వారంలో ఒక సంగతి జరిగింది. పొరుగింటావిడ కొంగులో పది గుడ్లు పట్టుకొచ్చి, "అప్పా, మా కోడికి నువ్వే ఎట్టు" అంది. నేను అక్కడే ఉన్నాను. అప్ప వెంటనే చెయ్యి చాచలేదు. పైట చెంగుకి చేతులు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. తరవాత వెళ్లి పెట్టి వచ్చింది. తిరిగి వచ్చాక పిల్లలకి నీళ్లు మారుస్తూ కూర్చుంది. ఆ రోజు నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. అంతా నా ఉపన్యాసం మహిమే అనుకున్నాను.

ఇంతలో ముసురు పట్టింది. పైనుంచి రావలసిన మేత సంచులు రాలేదు, ఉన్న సంచి అడుక్కి వచ్చింది. మేతని ఇక్కడే కలుపుకోవచ్చని ట్రైనింగులో నేర్పారు. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, ఎండుచేప పొడి, ఆలిచిప్పల గుల్లపిండి, చివర్లో కాస్త ఉప్పు. కాగితం నా దగ్గరే ఉంది. ఇలాంటివన్నీ కొనుక్కొచ్చేది అటెండరు. అతను అప్పుడు చలిజ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు. సంతకి నేనే వెళ్లాను.

ఎండుచేపల గంపల దాకా వెళ్లలేకపోయాను. నాలుగు బారల దూరంలో నిలబడి, చేతిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, చిన్న చేపలు కావాలని చెప్పాను. తీరం నుంచి వచ్చిన చేపలావిడ గంప ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"సప్పవా, ఉప్పువా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నామోషీ. అవేవో రెండు రకాల చేపలనుకున్నాను. "ఏవైనా ఫరవాలేదు, బాగా ఎండినవి ఇయ్యి" అన్నాను.

"ఎండేదీ బావూ? వారం రోజులై ముసురే గదా. ఇయ్యి తీసుకెల్లు, పురుగు ముట్టదు" అని గోనెసంచిలో పోసింది.

చేప తినే ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లకి కూడా తెలుస్తుంది ఆ మాటకి అర్థం. ఎండ కాసే రోజుల్లో చిన్న చేపల్ని ఇసకలో పరిచి ఉత్తినే ఎండబెడతారు, అవి చప్పవి. ముసురు పడితే కుళ్లిపోకుండా ఉప్పు దట్టించి ఆరబెడతారు, అవి ఉప్పువి. కోడిపిల్లలకి చప్పవే పెట్టాలి. నాకు కావలసింది కూడా ఆ గంపల వరసలోనే ఎక్కడో ఉండి ఉంటుంది. ఆవిడ అడగనే అడిగింది. నేనే జవాబు చెప్పలేదు.

పొడి కొట్టించి, కొలత ప్రకారం కలిపి, పైనుంచి కాగితంలో రాసిన ఉప్పు కూడా వేశాను. అప్ప ఇంటికి మోయించుకెళ్లి, ఇకనుంచి ఈ మేతే పెట్టమన్నాను.

మూడో రోజుకి అప్ప కబురు చేసింది. పిల్లలు నీళ్ల మూకుళ్లని వదలడం లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి తాగుతున్నాయి. రెట్ట నీళ్లలా పడుతోంది, ఊకంతా తడిసిపోయింది. నేను వెళ్లి చూశాను. ఊక తడిస్తే రక్తపారుడు వస్తుందని పుస్తకంలో ఉంది. తడి ఎందుకొస్తోంది? నీళ్లు ఎక్కువ తాగడం వల్ల. కాబట్టి నీళ్లు తగ్గించాలి. ఇంత తిన్నటి లెక్క నేను బళ్లో కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

"పూటకి ఒక్కసారే నీళ్లు పెట్టు. తాగగానే మూకుడు తీసెయ్యి" అన్నాను.

"దాహానికి అరుస్తన్నాయి బావూ. అలగ అరుస్తంటే నీల్లు తీసెయ్యడమేటి?"

"అరవనీ. అలవాటవుతుంది."

"పిల్లకి దాహమేస్తే దానికేదో అయినట్టు కాదేటి?" అంది మళ్లీ.

ఆ ఒక్క ప్రశ్నలో రోగమూ ఉంది, మందూ ఉంది. నేను విసుక్కున్నాను. చెప్పింది చెయ్యమన్నాను. ఒంట్లో ఉప్పు మండుతున్న పిల్లలకి నీళ్లు ఆపించాను. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

మర్నాటి నుంచి చావడం మొదలైంది. మొదటి రోజు పదకొండు. తరవాత ముప్పై, యాభై, అరవై పైన. కాళ్లు చాపేసి వెల్లకిలా పడి, ముక్కులోంచి నీళ్లు కార్చుకుంటూ పోయేవి. నీళ్ల మూకుడు పెట్టగానే విరగబడి తాగి, అక్కడే వాలిపోయేవి. అప్ప చచ్చినవాటిని తట్టలోకి ఎత్తుతూ, ఒక్కొక్కదాన్నీ చేతిలో పెట్టుకుని కాసేపు చూసేది. నేను వాటిని కోసి చూశాను. పొట్టలో నీళ్లు. ఏ రోగమో తెలియలేదు. తెలిసినట్టు ముఖం పెట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అటెండరు జ్వరం తగ్గి కర్ర పట్టుకుని వచ్చాడు. వసారాలోకి ఒంగి చూశాడు. పిల్లల్ని ముట్టుకోలేదు. తిన్నగా మేత డబ్బా దగ్గరికి వెళ్లి, చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. వెంటనే పెరట్లోకి ఉమ్మేశాడు.

"సేప ఎక్కడ తెచ్చినారు బావూ?"

చెప్పాను. సంతలో ఆవిడ అడిగిన మాట కూడా చెప్పాను. అతను నావైపు చూశాడు. తిట్టలేదు. "మీకెలగ తెలుస్తాది లెండి" అన్నాడు. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. అప్ప కూడా చిటికెడు నాలుక మీద వేసుకుంది. ముఖం చిట్లించుకుని, ఆ డబ్బా మీద మూత పెట్టేసింది. నేనూ వేసుకున్నాను, అప్పుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

రెండు వందల్లో మిగిలినవి ముప్పై నాలుగు. అవి కూడా నా పుణ్యాన మిగల్లేదు. కొత్త మేత వచ్చిన రోజే నీరసంగా ఉన్న కొన్నిటిని అప్ప వేరే బుట్టలోకి ఏరేసింది. ఆ మేత వాటికి అరగదేమోనని తన గిన్నెలోని బియ్యం నూకలు పెట్టింది. నీళ్లు కూడా నేను చెప్పినట్టు తీసెయ్యకుండా, బుట్టలోనే ఉంచింది. నాకు తెలిస్తే కోప్పడతానని ఆ బుట్టని వంటింట్లో దాచింది. బతకవనుకున్న పిల్లలు గంతులేస్తున్నాయి.

మర్నాడు జిల్లా నుంచి పశువుల పెద్ద డాక్టరుగారు జీపులో వస్తున్నారని కబురొచ్చింది.

"ఆయనతో నేనే చెప్తాను అప్పా. తప్పు నాదని చెప్తాను" అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. ఆయన ముందు నిలబడేదాకా ఆ ఉద్దేశంలోనే ఉన్నాను.

పెద్ద డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. తొందర మనిషి, అంతే. బడి అరుగు మీద కుర్చీ వేశారు. ఆడవాళ్లంతా కింద నిలబడ్డారు. అప్ప ఒక పక్కగా, బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడింది. ఆయన నేను కోసిన పిల్లల వివరాలు విన్నారు. బుట్ట వైపు చూశారు.

"ఇవెలా బతికాయి?"

"నీరసంగా ఉన్నాయని ఏరేసినానండి" అంది అప్ప. "నూకలేసినాను. నీల్లు ఎట్టినాను."

ఆయన నావైపు తిరిగారు. "మీరిచ్చిన ఇన్‌స్ట్రక్షన్ ఏమిటి?"

"మనం కలిపిన మేతండి. నీళ్లు పూటకి ఒకసారండి."

"అంటే ఈవిడ చెప్పింది చెయ్యలేదన్నమాట."

చెప్పవలసిన సమయం అదే. చెప్పింది చెయ్యలేదు కాబట్టే ఆ ముప్పై నాలుగు బతికాయండి అనాలి. అంతే. ఆయనకి కూడా ఆ సంగతి తట్టలేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే. తట్టినా, అది ఎక్కడిదాకా పోతుందోనని ఆగిపోయారేమో. నా ఉద్యోగం అప్పటికి టెంపరరీ. ఇంటి దగ్గర నాన్న మంచం మీద ఉన్నాడు. అటెండరు నేల చూపులు చూస్తున్నాడు. అప్ప నావైపు చూస్తోంది. ఎదురుచూస్తున్నట్టుగా చూస్తోంది, భయపడుతున్నట్టు కూడా కాదు.

"అవునండి" అన్నాను.

"రాయండి. పెంపకందారు సూచనలు పాటించలేదు."

రాశాను. నా సర్వీసంతా వెతికినా ఇంత నిజమైన వాక్యం నేను రాసి ఉండను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కింద సంతకం పెట్టాను.

ఆడవాళ్లలో గుసగుస లేచింది. ఆఫీసరుగారే అన్నారు కదా, ఇక వేరే సాక్ష్యం ఎందుకు. బతికిన పిల్లల్ని అక్కడికక్కడే పంచెయ్యమని చెప్పి ఆయన జీపెక్కారు. అప్ప బుట్టలోంచి ఒక పిల్లని తీసి ముందున్నావిడకి అందించబోయింది. ఆవిడ వెనక్కి తగ్గింది. రెండో ఆవిడా అంతే. గుడ్లు పెట్టించుకున్న పొరుగింటావిడ ఎటో చూస్తూ నిలబడింది.

"తాతా, నువ్వు తీసియ్యి" అని అటెండరుని ఎవరో అన్నారు.

అప్ప పిల్లని బుట్టలో వదిలేసి పక్కకి జరిగింది. ఆవిడ బతికించిన పిల్లల్ని ఆవిడ చేతిలోంచి ఒక్కరూ తీసుకోలేదు. అటెండరు ఒంగి ఒక్కొక్కదాన్నే తీసి కొంగుల్లో వేశాడు. నేను లిస్టులో టిక్కులు పెట్టాను.

అందరూ వెళ్లాక ఆవిడ ఇంటికి వెళ్లాను. ఊక ఊడ్చి పెరట్లో పోస్తోంది.

"చెప్పలేకపోయాను అప్పా" అన్నాను.

"సూసినాను" అంది. చీపురు ఆపలేదు. "మీ నౌకరీ పోతాదని బయమేసింది. ఎవులికైనా ఏస్తాది."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, పొమ్మనలేదు. నేను ఆగాక చీపురు గోడకి ఆనించింది.

"పెద్దాయనకి సెప్పొద్దులెండి. ఆయన మల్లీ ఈ ఊరొస్తాడేటి? మా ఊరోల్లకి సెప్పండి. మేతలో ఉప్పెక్కువై సచ్చిపోయినాయని ఒక్క ముక్క. మీరే కలిపినారని కూడా సెప్పక్కర్లేదు. నాను ఈ ఊల్లోనే బతకాల గదా."

చూడండి, ఎంత తక్కువ అడిగిందో. నా పేరు కూడా అక్కర్లేదంది.

"మంగళవారం వస్తాను. నూతి దగ్గర అందరూ ఉంటారు కదా, అప్పుడు చెప్తాను" అన్నాను. అప్ప తలూపింది.

మంగళవారం వెళ్లాను. ఆ పాటి మనిషినే. దారి పొడుగునా ఆ ఒక్క ముక్కనీ వల్లె వేసుకున్నాను. నూతి దగ్గర పదిమంది దాకా ఉన్నారు. వీధి చివర గుమ్మంలో అప్ప నిలబడి నావైపే చూస్తోంది.

"ఏటి బావూ, మల్లీ పిల్లల్నిస్తారంట గదా" అంది ఒక పెద్దావిడ, చేద తోడుతూ.

"ఇస్తాం" అన్నాను. ఉప్పన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడ ఆఫీసరు లేడు, టెంపరరీ ఉద్యోగానికి వచ్చిన ముప్పూ లేదు. ఉప్పు ఎలా ఎక్కువైందని అడుగుతారు. చప్ప చేపకీ ఉప్పు చేపకీ తేడా తెలియని సారని నవ్వుతారు. నన్నాపింది ఆ నవ్వు. అంతకంటే పెద్ద కారణమేదీ నా దగ్గర లేదు.

"ఈ పాలి మా కోడలికియ్యండి" అంది పెద్దావిడ. "దాని సెయ్యి మంచిది. ఆ సివరింటి మడిసికి మాత్రం ఒద్దు బావూ."

సరే అన్నాను. కోడలి పేరు అడిగి, నోటుబుక్కు తీసి రాసుకున్నాను.